ప్లాటినమ్‌కు 4,420 తక్కువ: డాలస్‌లో ఒక ఇంటి లెక్క

జనవరి మొదటి వారంలో నాకు వచ్చే ఫోన్లన్నీ డబ్ల్యూ-2లు, 1099ల గురించే, అంటే జీతం, కాంట్రాక్టు ఆదాయం చూపే పన్ను కాగితాల గురించే ఉంటాయి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మనవాళ్ల పన్నుల లెక్కలూ ఇంటి బడ్జెట్లూ చూడటం నా వృత్తి. 2025 జనవరిలో వచ్చిన ఒక ఫోను మాత్రం వేరేగా మొదలైంది.

"అన్నా, ప్లాటినమ్‌కి పదిహేడు వేల పాయింట్లు తక్కువ. ఫిబ్రవరి ఆఖరుకల్లా కొట్టాలి. ఒక శనివారం ఊరికే ఎటైనా ఎగిరి వచ్చేయనా?"

ప్లాటినమ్ అంటే విమాన సంస్థ తరచూ ఎగిరేవాళ్లకు ఇచ్చే హోదాల్లో ఒకటి. దానికోసం ఊరికే ఎగరడం అన్నమాట వినగానే మిగతా ఫైళ్లు పక్కన పెట్టాను. ఆ దంపతుల అనుమతితోనే ఈ లెక్క రాస్తున్నాను. మనుషుల ఆనవాళ్లు మార్చాను, లెక్క చేసిన తీరు మాత్రం మార్చలేదు.

ఆయన సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు. నెలకు ఒకటో రెండో సార్లు షార్లెట్‌లోని క్లయింటు దగ్గరికి వెళ్లొస్తాడు, టికెట్టు కంపెనీ ఖర్చు. భార్య ఇంటి నుంచే కాంట్రాక్టు పని చేస్తుంది, కాబట్టి ఏడాదికి నాలుగు విడతల్లో అంచనా పన్ను కట్టాలి. ఈ సంగతి తర్వాత పనికొచ్చింది. పిల్లలిద్దరు, పన్నెండేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల అమ్మాయి. అమ్మానాన్నలు హనుమకొండలో ఉంటారు. అందరివీ ఇండియా పాస్‌పోర్టులే.

డాలస్‌లో ఉండేవాళ్లకు అమెరికన్ ఎయిర్‌లైన్స్ తప్పదు. దాని ప్రధాన కార్యాలయం ఫోర్ట్‌వర్త్‌లో, అతిపెద్ద హబ్, అంటే కూడలి, మా డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం. వాళ్ల ఏఅడ్వాంటేజ్ పథకం 1981 మే 1న మొదలైంది. ఒకప్పుడు ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని మైళ్లు ఖాతాలో పడేవి, వాటితో తర్వాత టికెట్లు తీసుకోవచ్చు. 2016 ఆగస్టు నుంచి మైళ్లు టికెట్టుకు పెట్టిన డాలర్లను బట్టి పడుతున్నాయి. 2022లో హోదా కోసం లాయల్టీ పాయింట్లు అనే వేరే లెక్క తెచ్చారు. ఇందులో విమానం ఎక్కితేనే పాయింట్లు అన్న నియమం లేదు. వాళ్ల పేరున్న క్రెడిట్ కార్డు గీకినా డాలరుకు ఒక పాయింటు పడుతుంది. గోల్డ్‌కు 40,000, ప్లాటినమ్‌కు 75,000, ప్లాటినమ్ ప్రోకు 1,25,000, ఎగ్జిక్యూటివ్ ప్లాటినమ్‌కు 2,00,000. మొదటి ఏడాది గోల్డ్ 30,000కే వచ్చేది, మరుసటేడే గీత పైకి జరిపారు. లెక్కల సంవత్సరం మార్చి 1న మొదలై ఫిబ్రవరి ఆఖరుతో ముగుస్తుంది. అందులో సంపాదించిన హోదా ఆ పై ఏడాది మార్చి 31 దాకా ఉంటుంది.

ఈ పథకాలు ప్రయాణికుల మీద ప్రేమతో నడుస్తున్నాయనుకుంటే పొరపాటు. 2021 మార్చిలో, కోవిడ్ దెబ్బకు విమానాలు ఖాళీగా తిరుగుతున్నప్పుడు, అమెరికన్ ఈ ఏఅడ్వాంటేజ్‌నే తాకట్టు పెట్టి 1,000 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. విమానాలకన్నా పాయింట్ల పుస్తకమే మంచి పూచీకత్తు అయింది. బ్యాంకులు మైళ్లను టోకున కొని మనకు చిల్లరగా పంచుతాయి. ఈ వ్యాపారం గుర్తుంటే యాప్‌లో కనిపించే ఆ నీలం గీత, "ఇంకా ఇంతే" అని ఊరించే ఆ అంకె, ఎవరి కోసం ఉన్నాయో తెలుస్తుంది.

ఇక మనవాడి అంకెలు. ఆయన అప్పటికే గోల్డ్. ఖాతాలో 57,600. యాప్ చెబుతున్న కొరత 17,400. నేను మొదట అడిగింది ఒకటే, ఏమీ ప్రత్యేకంగా చెయ్యకపోతే ఫిబ్రవరి ఆఖరుకు ఎంత ఉంటుందని. జనవరి, ఫిబ్రవరిల్లో షార్లెట్ ట్రిప్పులు మూడు ఖాయమన్నాడు. ఒక్కో రానుపోను టికెట్టులో పన్నులు పోను అసలు ఛార్జీ సుమారు 380 డాలర్లు. మామూలు సభ్యుడికి డాలరుకు 5 పడితే గోల్డ్‌కు 7. అంటే ట్రిప్పుకు 2,660, మూడింటికి 7,980. కార్డు మీద నెలకు 2,500 డాలర్ల ఇంటి ఖర్చు, రెండు నెలలకు 5,000. మొత్తం 70,580. అసలు కొరత 4,420.

పదిహేడు వేలు నాలుగు వేలకు దిగేసరికి ఆయన ఉత్సాహం రెట్టింపైంది. నాకు అదే భయం. కొరత చిన్నదని తేలగానే, ఆ చిన్న కొరత తీరిస్తే చేతికి ఏం వస్తుందని అడగడం మానేస్తాం. సంతలో "పది రూపాయలే కదా" అని సంచి నింపుకున్నట్టు.

శనివారం ఎగిరొచ్చే ఆలోచన ఒక్క లైనులో తేలిపోయింది. 4,420ని 7తో భాగిస్తే 631 డాలర్ల అసలు ఛార్జీ. ఆయన చూసుకున్న చవక టికెట్టు 310 డాలర్లది, అందులో అసలు ఛార్జీ 270, దానికి వచ్చేది 1,890 పాయింట్లు. అలాంటివి రెండు కొన్నా చాలదు, మూడు కావాలి. తక్కువ ధరకు దూరం ఎగిరి హోదా కొట్టే రోజులు పోయాయి. ఇప్పటి పద్ధతిలో చవక టికెట్టు కొన్నవాడికి చవక పాయింట్లే.

తర్వాతి గంట ప్లాటినమ్ విలువ మీద గడిచింది. నా పద్ధతి మొరటుగా ఉంటుంది. గోల్డ్‌తో ఎలాగూ వచ్చేవి లెక్కలోకి రావు. మిగిలిన ఒక్కో సౌకర్యానికీ, అది లేకపోతే నీ జేబులోంచి ఎంత తీసేవాడివి అని అడుగుతాను. దాని ధర బోర్డు మీద ఎంతన్నది నాకక్కర్లేదు. విమానాశ్రయాల్లో అమెరికన్ నడిపే విశ్రాంతి గది, అడ్మిరల్స్ క్లబ్ లాంజ్‌కు ఒక రోజు పాసు 79 డాలర్లు. ఆ పాసు ఆయన జీవితంలో ఎప్పుడూ కొనలేదు, కొనడు కూడా. అలాంటప్పుడు ఆయనకు లాంజ్ విలువ 79 ఎలా అవుతుంది?

పైగా లాంజ్ విషయంలో చాలామందికి తెలియని మడత ఒకటుంది. అమెరికన్, ఖతార్ లాంటి సంస్థలు ఒకరి హోదాను ఒకరు గుర్తించే కూటమి వన్‌వరల్డ్. ఏఅడ్వాంటేజ్ ప్లాటినమ్ అంటే అందులో సఫైర్. కానీ ఏఅడ్వాంటేజ్ సభ్యుడు డాలస్ నుంచి షార్లెట్‌కు వెళ్తూ ఆ హోదా చూపిస్తే లాంజ్ తలుపు తెరుచుకోదు, దూరపు అంతర్జాతీయ ప్రయాణంలో అయితేనే తెరుచుకుంటుంది. అదే సఫైర్ హోదాను ఖతార్ ఎయిర్‌వేస్ ప్రివిలేజ్ క్లబ్‌లో గోల్డ్ ద్వారా తెచ్చుకున్నవాడిని అమెరికాలోపలి ప్రయాణానికీ రానిస్తారు. సొంతింటి కోడలికి లేని మర్యాద పొరుగింటి చుట్టానికి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లోనూ ఇదే తంతు. వాళ్ల సొంత గోల్డ్ సభ్యులకు దేశీయ ప్రయాణంలో లాంజ్ లేదు, వాళ్ల కూటమి స్టార్ అలయన్స్‌లోని వేరే సంస్థల గోల్డ్‌కు ఉంది.

అంటే మనవాడికి లాంజ్ పనికొచ్చేది జూన్‌లో హైదరాబాద్ వెళ్లేటప్పుడే, అదీ ఖతార్ లాంటి వన్‌వరల్డ్ విమానంలో వెళ్తేనే. సఫైర్‌తో ఒక అతిథిని వెంట తీసుకెళ్లొచ్చు. ఒక్కరినే. వీళ్లు నలుగురు.

ఫోను స్పీకర్‌లో ఉన్నట్టుంది, వెనక నుంచి ఆవిడ గొంతు వినబడింది. "ఏవండీ, పిల్లలిద్దర్నీ బయట కుర్చీల్లో కూర్చోబెట్టి మనం లోపలికెళ్లి తిందామా? లేకపోతే మీరూ బాబూ లోపల, నేనూ పాపా బయటా?" ఆ గడిలో 60 వేశాను, అదీ మొహమాటానికి.

అప్‌గ్రేడ్. గోల్డ్‌కు 24 గంటల ముందు, ప్లాటినమ్‌కు 48 గంటల ముందు ఫస్ట్ క్లాసుకు అవకాశం తెరుచుకుంటుంది. కానీ ముందు పై హోదాలవాళ్లు, తర్వాత ప్లాటినమ్, ఒకే హోదాలో ఉన్నవాళ్లలో గత పన్నెండు నెలల్లో ఎక్కువ పాయింట్లు ఉన్నవాళ్లు. డాలస్ వాళ్ల హబ్ కాబట్టి సోమవారం ఉదయం ఆ విమానంలో సగం మంది ఏదో ఒక రంగు కార్డువాళ్లే. ఏడాదిలో ఆయన ఎక్కిన 24 విమానాల్లో అప్‌గ్రేడ్ అయింది ఒక్కసారి. ప్లాటినమ్ అయినా ఒకటి రెండవుతాయేమో. 60.

మెయిన్ క్యాబిన్ ఎక్స్‌ట్రా, అంటే మోకాలికి ఇంకొంచెం చోటుండే సీటు, గోల్డ్‌కు చెక్-ఇన్ తెరిచాక మిగిలితే ఇస్తారు. ప్లాటినమ్‌కు టికెట్టు కొన్నప్పుడే, అదే బుకింగ్‌లో ఉన్న ఇంట్లోవాళ్లతో సహా ఇస్తారు. ఆయన ఆరడుగుల మనిషి. విమానానికి 15 డాలర్ల చొప్పున, రాబోయే ఏడాదిలో ఇంకో నాలుగు షార్లెట్ ట్రిప్పులుంటాయన్నాడు కాబట్టి ఎనిమిది విమానాలకు 120. డాలరుకు 7 బదులు 8 మైళ్లు పడటం వల్ల వచ్చే అదనం 20. రెండో పెట్టె ఉచితం అన్నదానికి సున్నా. ఇండియా టికెట్టులో మనిషికి రెండు పెట్టెలు ఎలాగూ ఉన్నాయి, దేశంలోపల తిరిగేటప్పుడు వీళ్లు రెండోది తీసుకెళ్లరు. అసలు మొదటి పెట్టె కూడా, వాళ్ల దగ్గరున్న 99 డాలర్ల వార్షిక రుసుము కార్డుతోనే దేశీయ విమానాల్లో ఆయనతోపాటు అదే బుకింగ్‌లోని నలుగురికి ఉచితం. విమానాశ్రయంలో కడితే అప్పట్లో ఒక్కో పెట్టెకు 40. హోదా ఇచ్చే వాటిలో సగటు కుటుంబానికి ఎక్కువ పనికొచ్చేదాన్ని కార్డే తెచ్చిపెడుతోంది.

విమానాలు రద్దయినప్పుడు ప్రత్యేక ఫోను లైను, తొందరగా మరో సీటు. దీనికేం వెయ్యాలో తెలియక సున్నా వేశాను. గుర్తుంచుకోండి, ఆ సున్నా దగ్గరికి మళ్లీ వస్తాను.

మొత్తం 260 డాలర్లు.

ఇదే పని వారం వారం ఎగిరే ఒంటరి కన్సల్టెంటుకు చేస్తే అంకె వేలల్లో వస్తుంది. అలాంటి క్లయింటు ఒకరు నాకున్నారు. సోమవారం వెళ్లి గురువారం వస్తాడు, పై హోదా ఆయనకు జీతంలో భాగం లాంటిది. నువ్వు వెంటపడకు అని ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. వెంటపడకుండానే వచ్చేస్తుంది మరి.

ఇక దాచిపెట్టిన ఖర్చు. ఇది ఏ యాప్‌లోనూ కనిపించదు. పాత బుకింగులు పంపమన్నాను. 2023 డిసెంబర్‌లో నలుగురూ హైదరాబాద్ వెళ్లారు. దాదాపు అంతే సమయం పట్టే మరో విమానం మనిషికి 180 డాలర్లు తక్కువకు దొరుకుతున్నా, గోల్డ్ ఉంది కదా అని వన్‌వరల్డ్ విమానమే తీసుకున్నారు. నాలుగు టికెట్ల మీద 720 ఎక్కువ. గోల్డ్ అంటే వన్‌వరల్డ్‌లో రూబీ, దానికి లాంజ్ లేదు. ఆ ప్రయాణంలో వాళ్లకు దక్కింది బిజినెస్ క్లాసు కౌంటర్‌లో చెక్-ఇన్.

"తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటింది అన్నా. మామూలు లైను ఎక్కడికో ఉంది. పాప భుజం మీద నిద్రపోతోంది. పది నిమిషాల్లో అయిపోయింది" అన్నాడు, కొంచెం సమర్థించుకుంటూ.

అది చిన్న సుఖమేమీ కాదు. ఎనిమిది పెట్టెలూ నిద్రపోయే పిల్లా ఉన్నవాడికి ఆ లైను ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కానీ ధర తేల్చింది ఆవిడే. "ఆ లైను తప్పినందుకు నేను రెండొందలు ఇస్తానన్నయ్యా. ఏడొందల ఇరవై ఇవ్వను."

ఇక జూన్ 2025 ప్రయాణానికి ధరలు చూశాం. వన్‌వరల్డ్ విమానం మనిషికి 1,640, ఇంకో గల్ఫ్ సంస్థ 1,420. నాలుగు టికెట్లకు తేడా 880. ప్లాటినమ్ వస్తే ఆయన ఏది కొంటాడో ముగ్గురికీ తెలుసు. అసలు ప్రమాదం 4,420 పాయింట్లలో లేదు. అవి తీర్చుకున్నాక "ఇంత కష్టపడి తెచ్చుకున్నాం, వాడుకోకపోతే ఎలా" అంటూ జూన్‌లో పెట్టబోయే 880లో ఉంది.

ఇంతలో ఆయన ఇంకో మాటన్నాడు. సెప్టెంబర్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్ల టికెట్లూ నేనే కొంటాను కదా, ఆ పాయింట్లూ నాకే వస్తాయి కదా అని. రావు. పాయింట్లు ఎగిరినవాళ్ల ఖాతాలో పడతాయి, డబ్బు కట్టినవాడికి కార్డు మీద డాలరుకు ఒక్కటే. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి. హోదా మనిషికి అంటుకుని ఉంటుంది, ఇంటికి కాదు. కొడుకు ఆ విమానంలో లేకపోతే అమ్మానాన్నలు మామూలు ప్రయాణికులే.

ఆయన కాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే ఈ కుటుంబంలో నిజంగా కష్టమైన ప్రయాణం అదే. షార్లెట్‌కు రెండున్నర గంటల విమానంలో మోకాళ్లు ఇరుక్కోవడం ఒక కష్టమే కాదు. అరవై ఎనిమిదేళ్ల నాన్న, మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఇంగ్లిష్ అంతంతమాత్రం, మధ్యలో ఒక తెలియని ఊళ్లో విమానం మారడం, ఆ తర్వాత పదిహేను గంటలు కూర్చోవడం, డాలస్‌లో ఇమిగ్రేషన్ అధికారి ప్రశ్నలు. వాళ్లకు కొడుకు ప్లాటినమ్ ఏ ద్వారం దగ్గరా ఉపయోగపడదు. ఉపయోగపడేవి వేరు, వాటిలో చాలావాటికి హోదా అక్కర్లేదు. వీల్‌చైర్ అడిగిన ఎవరికైనా ఉచితం, టికెట్టు కొన్న రోజే నమోదు చేయించాలి. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా గమ్యం చేర్చే బాధ్యత సంస్థదే, పెట్టెలూ నేరుగా డాలస్‌కే వస్తాయి. మారడానికి కనీసం మూడు గంటలు. నడవ పక్క సీట్లు డబ్బు కట్టి ముందే పెట్టేయడం. ఆవకాయ జాడీ ఉన్న పెట్టె 23 కిలోలు దాటకుండా ఇంట్లోనే స్ప్రింగు త్రాసుకు వేలాడదీసి చూసుకోవడం. మా అమ్మ వచ్చినప్పుడు కౌంటర్ ముందు పెట్టె విప్పి పొడుల పొట్లాలు అటూ ఇటూ సర్దింది. ఆ దృశ్యం చూసినవాడిని కాబట్టి త్రాసు సంగతి ప్రతి క్లయింటుకూ చెబుతాను.

అయినా నేను ప్లాటినమ్ వద్దనలేదు. కొరత తీర్చడానికి చవక దారి ఒకటి మా ముందే ఉంది. ఆవిడ నాలుగో త్రైమాసికం అంచనా పన్ను, 5,000 డాలర్లు, జనవరి 15 లోపు కట్టాలి. మామూలుగా బ్యాంకు ఖాతా నుంచి పైసా ఖర్చు లేకుండా కడతారు. కార్డుతో కడితే మధ్యవర్తి సంస్థ రుసుము దగ్గర దగ్గర 1.85 శాతం, 92 డాలర్లు. బదులుగా 5,000 పాయింట్లు, 5,000 మైళ్లు. ఆయన మైళ్లు వాడే తీరుకు మైలు విలువ 1.3 సెంట్లు వేస్తాను, అంటే 65. నికర ఖర్చు 27 డాలర్లు. 260 వచ్చే చోట 27 పెట్టడానికి అభ్యంతరం ఎందుకు? కార్డు బాకీ నెలాఖరున పూర్తిగా తీర్చేవాడు కాబట్టి ఈ సలహా. బాకీ మోసుకెళ్లే అలవాటున్నవాడైతే ఫోను పెట్టేసేవాడిని.

షరతు మాత్రం పెట్టాను. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించమన్నాను: హోదా ఉందన్న కారణంతో కుటుంబం మొత్తం టికెట్ల మీద 200 డాలర్లకు మించి ఎక్కువ పెట్టకూడదు. ఆ అంకె నాది కాదు, ఆవిడది. శంషాబాద్ లైనుకు ఆవిడ కట్టిన ధర.

జనవరి 14న పన్ను కట్టారు. లెక్క ప్రకారం ఫిబ్రవరి ఆఖరుకు 75,580. ఇక్కడ నేను తప్పు చేశాను. మిగులు 580 మాత్రమే, ఒక్క ట్రిప్పు విలువ 2,660. ఖాయమన్న మూడు ట్రిప్పుల్లో ఏది జారినా మళ్లీ మొదటికొస్తుంది, నేను దాన్ని రాసి పెట్టుకోలేదు. మూడో ట్రిప్పును ఫిబ్రవరి మూడో వారంలో క్లయింటు వీడియో కాల్‌గా మార్చేశాడు. 72,920 దగ్గర ఆగింది.

అదృష్టం బాగుండి జూన్ టికెట్లు అప్పటికి ఇంకా కొనలేదు. నలుగురికీ 5,680 డాలర్లు. వాళ్లు మామూలుగా పెద్ద ఖర్చులకు వాడేది 2 శాతం నగదు వెనక్కిచ్చే కార్డు, దాన్ని వదులుకుంటే 113 పోతుంది, మైళ్ల రూపంలో 74 వస్తుంది. ఇంకో 40 ఖర్చు. ఆయన కార్డు స్టేట్‌మెంట్ 24న మూస్తారు, 20న కొన్నారు. ఈ తేదీ చూసుకోకపోతే పాయింట్లు మార్చిలో పడి వచ్చే ఏడాది ఖాతాలోకి పోయేవి. కొన్నది ఏ విమానం అంటారా? 1,420ది. ఫ్రిజ్ మీద కాగితం పని చేసింది.

మొత్తం 67 డాలర్లతో ప్లాటినమ్ వచ్చింది. మార్చి నెల మధ్యలో షార్లెట్ ప్రాజెక్టు ముగిసింది. కొత్త ఉద్యోగం ప్లేనోలో, ఇంటికి ఇరవై నిమిషాల దూరం. ఆయన ఊహించిన నాలుగు ట్రిప్పులకు బదులు ఒక్కటే జరిగింది.

హోదా గడువు ముగిశాక, 2026 ఏప్రిల్‌లో, రాసుకున్న గడులన్నీ ముందేసుకుని కూర్చున్నాం. కాళ్లు చాపుకునే సీటు: 120 అనుకున్నది 30. అప్‌గ్రేడ్: సున్నా. లాంజ్: వన్‌వరల్డ్‌లో వెళ్లనేలేదు కాబట్టి సున్నా. అదనపు మైళ్లు: 5 డాలర్ల విలువ ఉంటుందేమో. ఆగస్టు మొదటి వారంలో, బడి తెరిచే ముందు, నలుగురూ ఆర్లాండో వెళ్లారు. వెళ్లేటప్పుడు నలుగురికీ ముందు వరస సీట్లు. ఆవిడ దానికి 40 ఇస్తానంది. వచ్చేరోజు ఫ్లోరిడా సాయంత్రపు ఉరుములు మెరుపులు, విమానం రద్దు. గేటు దగ్గర రెండొందల మంది లైను. ఆయన లైనులో నిలబడే హోదా ఫోను నంబరుకు చేశాడు, కౌంటర్ చేరేలోపే అదే రాత్రి విమానంలో నాలుగు సీట్లు దొరికాయి. హోటల్ గది, రాత్రి తిండి కలిపి 220 మిగిలింది. వాన కారణంగా రద్దయితే గది ఖర్చు సాధారణంగా మనదే.

కూడితే 295. నేను జనవరిలో వేసిన అంకె 260. పైకి చూస్తే నా అంచనా భేషుగ్గా ఉంది. లోపల గడులన్నీ తప్పు, సున్నా వేసిన గడిలోనే అసలు డబ్బంతా వచ్చింది. ఇప్పుడు ఆ ఫోను లైను గడిలో సున్నా వేయడం మానేశాను. ఏడాదికి ఎన్ని విమానాలు, అందులో వేసవి సాయంత్రాలు ఎన్ని అని అడిగి ఏదో ఒక అంకె వేస్తున్నాను.

జూన్‌లో మిగిలిన 880 ఎటు పోయిందో కూడా అడిగాను. భార్యాభర్తలిద్దరికీ గ్లోబల్ ఎంట్రీ, అంటే ముందే వివరాలు తనిఖీ చేయించుకున్నవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే దగ్గరిదారి, మనిషికి 120 చొప్పున 240. తల్లిదండ్రులు సభ్యులైతే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు రుసుము లేదు. అయిదేళ్ల పాటు డాలస్‌లో దిగిన ప్రతిసారీ ఇమిగ్రేషన్ దగ్గర, ఎక్కేటప్పుడు చాలా సంస్థల విమానాలకు భద్రతా తనిఖీ దగ్గర లైను తగ్గుతుంది, హోదా లేకపోయినా సరే. హైదరాబాద్ వైపు కూడా 2025 జనవరి 16న అలాంటిదే వచ్చింది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకూ ఓసీఐ ఉన్నవాళ్లకూ ఈ-గేట్ల దారి, ఉచితంగా. ఆయన అది కూడా చేయించుకున్నాడు. అమ్మానాన్నల నడవ పక్క సీట్లకు 140. మిగిలింది ఇంటి ఖాతాలో కలిసిపోయింది, డబ్బు కలిసిపోయినట్టే.

సెప్టెంబర్‌లో పెద్దవాళ్లు వచ్చారు. వీల్‌చైర్ తోసే అబ్బాయి ఇద్దర్నీ బయటిదాకా తీసుకొచ్చి అప్పగించాడట. ఆవకాయ పెట్టె 22 కిలోల 600 గ్రాములు.

హైదరాబాద్ నుంచి ఇదే ప్రశ్న అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు కాబట్టి రెండు ముక్కలు. దేశీయ ప్రయాణంలో అక్కడ మామూలు టికెట్టుకే సాధారణంగా 15 కిలోల పెట్టె ఉంటుంది, లాంజ్ బ్యాంకు కార్డుతో దొరుకుతుంది. కాబట్టి హోదాకు మిగిలే పని తక్కువ. సగానికి పైగా ప్రయాణాలు ఇండిగోలోనే జరుగుతాయి, ఆ సంస్థ ఏ అంతర్జాతీయ కూటమిలోనూ లేదు. ఎమిరేట్స్ కూడా అంతే, అక్కడ తెచ్చుకున్న రంగు కూటముల లాంజ్‌లలో సాధారణంగా చెల్లదు. గల్ఫ్‌కు ఏడాదికి నాలుగుసార్లు తిరిగేవాళ్లకు అదనపు కిలోలే పెద్ద లాభం, వాళ్లు ముందు ఆ గడి నింపుకోవాలి. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిరిండియాలో కలిసిపోయింది, దాని పాయింట్ల పథకం క్లబ్ విస్తారాలో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నవాళ్లు ఒక్క రోజులో కొత్త నియమాల కిందికి వచ్చారు. 2023 సెప్టెంబర్‌లో అమెరికాలోని డెల్టా ఎయిర్‌లైన్స్ తన హోదాల గీతలు ఎంత పైకి జరిపిందంటే, గోల చూసి నెల తిరిగేసరికి సంస్థ అధిపతే హద్దు మీరామని ఒప్పుకుని కొంత తగ్గించాల్సి వచ్చింది. రెండేళ్ల తర్వాత అందుకుందామని ఈ రోజు ఎక్కువ ధర పెట్టి టికెట్టు కొనేవాళ్లను చూస్తే అందుకే నాకు దిగులు.

2025 మార్చి నుంచి 2026 ఫిబ్రవరి దాకా మనవాడికి వచ్చిన పాయింట్లు గోల్డ్‌కు కూడా చాలలేదు. జనవరిలో యాప్ మళ్లీ ఊరించింది. ఈసారి ఆయన నాకు ఫోను చెయ్యలేదు, ఫ్రిజ్ దగ్గరికే వెళ్లాడట. ఏప్రిల్ 1న పేరు కింద ఏ రంగూ లేని కార్డు ఫోటో ఒకటి మా ముగ్గురి వాట్సాప్ గుంపులో పెట్టాడు. నిమిషంలో ఆవిడ జవాబు వచ్చింది: "లైనులో నిలబడటం మర్చిపోయి ఉంటారు. శనివారం ఇండియన్ స్టోర్‌కు రండి, ప్రాక్టీసు చేయిస్తా."